శరదృతువున నల్లమల దర్శనము – మన విహారయాత్రకు ఒక ప్రతిపాదన

ఒకే మాట రెండు భాషలలో రెండు దారులు పట్టుటకు 'షికారు' అను పదము మంచి ఉదాహరణము. ఉర్దూలో 'షికార్' అనగా వేట. తెలుగులో 'షికారు' అనగా సాయంకాలము సరదాగా తిరిగి వచ్చుట. ఆ మాట వినగానే ఉర్దూ తరగతిలోని మిత్రునికి తుపాకి జ్ఞప్తికి వచ్చును. తెలుగు తరగతిలోని మిత్రునికి చెరువుగట్టు జ్ఞప్తికి వచ్చును. ఈ రెండింటి నడుమ మూడవ అర్థము కూడ ఒకటి ఉండదగును. అడవికి పోయి, దేనిని చంపక, దేనిని తేక, కన్నులారా చూచి, చూచినదానిని వ్రాసికొని వచ్చుటయే ఆ అర్థము. దానిని మన కళాశాలలో ఆచరణలోనికి తేవలెనని ఈ వ్యాసము ద్వారా మేము మనవి చేయుచున్నాము. ప్రతి సంవత్సరము శరదృతువున కొందరు విద్యార్థినీ విద్యార్థులను వన్యప్రాణి పరిశీలనకై నల్లమల అడవికి పంపు ఏర్పాటు కళాశాల కమిటీవారు చేయవలెను. అది వినోదయాత్రగా గాక విద్యలో భాగముగా సాగవలెను.

నల్లమలయే ఎందుకు అని ఎవరైన అడుగవచ్చును. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల వారికి నల్లమల పరాయి భూమి కాదు. మన వరిచేలకు నీరిచ్చు నాగార్జునసాగర్ ఎడమ కాలువకు లాల్ బహదూర్ కాలువ అని పేరు. సాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న పండిత నెహ్రూ పునాదిరాయి వేసిరి. 1967లో కాలువలకు నీరు విడిచిరి. నాటి నుండి మిర్యాలగూడ, కోదాడ ప్రాంతముల మెట్టపొలములు మాగాణులైనవి, రైసుమిల్లులు వెలసినవి, మన తల్లిదండ్రులలో అనేకులకు ఆ నీటివలననే బ్రతుకుతెరువు ఏర్పడినది. ఆ కృష్ణమ్మ సాగర్ జలాశయమునకు చేరుటకు ముందు నల్లమల కొండల నడుమ లోతైన లోయలలో ప్రవహించి వచ్చును. ఆ కొండవాలులపై చెట్లు నిలిచియుండుట వలననే మన్ను కోసుకొనిపోక, వాగులు ఒక్కసారిగా పొంగి ఎండిపోక, వాననీరు మెల్లమెల్లగా నదిలో కలియుచున్నది. ఆ విధముగా అడవిలో కురిసిన వాన కొంత మన అన్నపు మెతుకులోనికి వచ్చి చేరుచున్నది. అన్నము పెట్టినవారి ఇల్లు ఒక్కసారియైన చూడకుండుట మర్యాద కాదు గదా!

అంతేకాదు. ఈ అడవిలో కొంత భాగము నేటికిని మన నల్లగొండ జిల్లాలోనే, దేవరకొండ వైపున ఉన్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాలమున నాగార్జునసాగర్–శ్రీశైలము అభయారణ్యము 1978లో ఏర్పడినది; 1983లో అది 'ప్రాజెక్టు టైగర్' క్రిందికి వచ్చినది. కర్నూలు, ప్రకాశము, గుంటూరు, నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో 3,568 చదరపు కిలోమీటర్లు వ్యాపించి, దేశములోని పులుల అభయారణ్యములలో అతి పెద్దదిగా పేరుపొందినది. 2014లో రాష్ట్రము రెండైన పిమ్మట కృష్ణకు ఉత్తరపు ఒడ్డున ఉన్న భాగము అమ్రాబాద్ పులుల అభయారణ్యముగా వేరుపడినది. చుట్టునున్న రక్షణ వలయముతో కలిపి దాని విస్తీర్ణము 2,611 చదరపు కిలోమీటర్లు. అది నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాలలో ఉన్నది.

ఇక్కడ ఒక విషయము గమనింపదగినది. తెలంగాణలో చట్టరీత్యా 'జాతీయ ఉద్యానవనములు' అని పేరుపొందినవి మూడు: కాసు బ్రహ్మానందరెడ్డి ఉద్యానము, మృగవని, మహావీర్ హరిణ వనస్థలి. మూడును హైదరాబాదు పరిసరములలోని చిన్న వనములే. కొండలు, లోయలు, నది, పులి కలిసియున్న నల్లమలకు ఆ పేరు లేదు. పేరునుబట్టి విలువ కట్టువారు దీనిని మరచిపోవుదురు. కాని పులుల అభయారణ్యపు నడిభాగమునకు చట్టము కల్పించిన రక్షణ జాతీయ ఉద్యానవనమునకు ఉన్నదానికి తీసిపోదు.

మన కళాశాల ఉర్దూ, తెలుగు భాషల సంగమము గనుక ఈ అడవి మనకు మరింత దగ్గరిది. మన్ననూరు దాటి కొండపైకి పోగా వచ్చు చోటికి ఫరహాబాదు అని పేరు. 'ఫరహ్' అనగా ఆనందము. ఫరహాబాదు అనగా ఆనందనిలయము. నిజాము ప్రభువుల కాలమున అది చల్లని విడిది, వేటస్థలము. ఆ ఆనందము నాడు ఏలికలది, వారి అతిథులది. మృగములకు అది ఆపద. ఆ పేరు చెంచుల పెంటల నడుమ నేటికిని నిలిచియున్నది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చి వేటను నిషేధించినది. 1973లో పులుల రక్షణకు జాతీయ పథకము మొదలైనది. వేటగాండ్ర ఆనందనిలయము ఆ విధముగా చూపరుల ఆనందనిలయము కావలసిన కాలము వచ్చినది. కాని వేట మాన్పించినంత సులభముగా చూపు నేర్పుట చట్టమునకు సాధ్యము కాదు. అది విద్యాలయములు చేయవలసిన పని.

వేట నుండి చూపునకు మారిన మహనీయుని జీవితమొకటి మన కన్నుల ముందున్నది. డాక్టర్ సలీం అలీ 1896లో బొంబాయిలో జన్మించెను. చిన్నతనమున ఎయిర్‌గన్నుతో ఒక పిచ్చుకను కొట్టెను. దాని మెడపై పసుపు మచ్చ ఉండుట చూచి, అది ఏ పక్షియో తెలిసికొనగోరెను. మేనమామ అతనిని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపెను. అచటి కార్యదర్శి మిలార్డ్ దొర ఆ పిల్లవానిని కసరి పంపక, పక్షి పేరు చెప్పి, సొరుగులు తెరిచి, వందలకొలది పక్షి నమూనాలను చూపించెను. ఆ దినముననే ఒక శాస్త్రజ్ఞుని విత్తనము పడినది. ఆయన ప్రాంతీయ పక్షి సర్వేలలో మొదటిది, 1931–32 ప్రాంతమున జరిగినది, మన హైదరాబాదు సంస్థానమునకు సంబంధించినదే యని మనలో ఎందరికి తెలియును? 1985లో ప్రచురించిన తన ఆత్మకథకు ఆయన ఆ పిచ్చుక పేరనే శీర్షిక పెట్టుకొనెను. ఒక పెద్దమనిషి సొరుగు తెరిచి చూపుటకు ఓపిక చేసికొన్నందువలన దేశమునకు ఇంత మేలు జరిగినది. మా కమిటీ పెద్దలను మేము అడుగుచున్నది కూడ అట్టి ఓపికయే.

ఇక శరదృతువే ఎందుకన్న ప్రశ్న. ఇంగ్లీషు పాఠములలో 'ఆటమ్' అనగానే ఎర్రబడి రాలు ఆకులు కనిపించును. ఉర్దూ కవిత్వమున 'ఖిజాఁ' అనగానే ఆకులు రాలిన తోట, వియోగ దుఃఖము జ్ఞప్తికి వచ్చును. మన దక్కను శరత్తు అట్టిది కాదు. ఆకులు రాలుట మనకు శిశిరమున. నల్లమలలో మాఘ ఫాల్గుణములలో గాని చెట్లు మోడువారవు. ఆశ్వయుజ కార్తికములలో అడవి పచ్చగా నిండియుండును. మేఘములు తెల్లబడును, వాగులలో నీరు తేటపడును, రెల్లు పూచును, తంగేడు బంగారమై వెలుగును, కొండవాలులలో సీతాఫలములు పండును. అభయారణ్యములను వర్షాకాలపు మూడు నెలలు, జూలై నుండి సెప్టెంబరు వరకు, సందర్శకులకు మూసియుంచి, అక్టోబరులో తిరిగి తెరచుట ఆచారము. అనగా మనకు దసరా సెలవులు వచ్చు వేళకే అడవి తలుపు తెరచుకొనుచున్నది.

ఉన్న కష్టమును కూడ దాచరాదు. పెద్ద మృగములను సులువుగా చూడగోరువారికి శరత్తు అనుకూల కాలము కాదు. వేసవిలో నీరు కొద్ది కుంటలలోనే మిగులును గనుక జంతువులన్నియు అచటికే రావలెను. ఆకులు లేని అడవిలో దూరము నుండియే కనబడును. శరత్తున ప్రతి వాగు పారుచుండును, గడ్డి నడుము వరకు పెరిగియుండును; పది అడుగుల దూరమున ఎలుగుబంటి ఉన్నను కనబడకపోవచ్చును. అందువలన శరత్తున అడవికి పోవువాడు కండ్లతోపాటు చెవులు, ముక్కు, బుద్ధి కూడ వెంట తీసికొనిపోవలెను. ఈ కారణముననే విద్యార్థికి ఇది తగిన కాలమని మా అభిప్రాయము. వేసవి అడవి పరీక్షకు ముందు చేతికందిన జవాబుల పుస్తకము వంటిది. శరత్కాలపు అడవి తానే లెక్క చేయుమని పలక చేతికిచ్చు ఉపాధ్యాయుని వంటిది.

ఆ పలకపై ఏమి వ్రాసియుండును? వాన వెలసిన తడిమట్టి అడవిలో అన్నింటికంటె మంచి కాగితము. బండిదారి ప్రక్క బురదలో పులి అడుగు పడినచో నాలుగు వేళ్లు, వెనుకటి మెత్త స్పష్టముగా తెలియును. గోళ్లు లోపలికి ముడుచుకొని నడచును గనుక గోటిగుర్తు పడదు. రేచుకుక్క అడుగులో గోళ్లు కనబడును. చెదపుట్ట ప్రక్క తవ్విన గుంట ఎలుగుబంటి వచ్చిపోయినదని చెప్పును. నేలపై పడియున్న నలుపు తెలుపు ముల్లు రాత్రి ఏదుపంది నడిచిన జాడ. చెట్టు మొదటిపై నిలువుగా గీరిన గీతలు పులియో చిరుతయో తన హద్దును చాటుకొన్న ప్రకటన.

కనులకు దొరకనిది చెవులకు దొరకును. కొండముచ్చులు చెట్టుపై ఆకులు తెంపి కొంత తిని, కొంత జారవిడుచుచుండగా, క్రింద దుప్పులు ఆ ఆకులను మేయుచుండును. పైనున్నవానికి చూపు దూరము. క్రిందనున్నవానికి వాసన, వినికిడి మెండు. పులి పొడ కనబడగానే కొండముచ్చు దగ్గినట్లు గట్టిగా అరచును. దుప్పి కీచుమని కూయును. కణితి తోక ఎత్తి, కాలు నేలకు తాటించి, గంట కొట్టినట్లు ఒక్క కేక వేయును. ఒక జాతి పిలుపును మరొక జాతి నమ్మి తన ప్రాణము కాపాడుకొనుట అచట నిత్యము జరుగుచున్నది. రెండు భాషల పిల్లలు ఒకే ప్రాంగణమున చదువుకొను మనకు దీనికంటె చక్కని పాఠము ఏ పుస్తకములో ఉన్నది?

చిన్న ప్రాణులకు శరత్తు పండుగ కాలము. దారికి అడ్డముగా బారెడు వెడల్పున బంగారు దారములతో గూడు అల్లు పెద్ద అడవి సాలీడు ఈ కాలముననే నిండుగా పెరిగియుండును. ఆ గూటి నడుమ అరచేయంత కనబడునది ఆడది. ప్రక్కన గోరంత ఉన్నది మగది! సాలీళ్ల మాట వచ్చినది గనుక మరొకటి చెప్పవలెను. నెమలికంఠపు నీలిరంగున మెరయు చెట్టు సాలీడు ఒకటి 1899లో గుత్తి రైల్వేస్టేషను వద్ద కలపలో దొరికినది. దాని అసలు ఇల్లు ఎచ్చటనో చాలకాలము ఎవ్వరికిని అంతుపట్టలేదు. నూరేండ్లు గడచిన పిదప 2001లో నంద్యాల–గిద్దలూరు నడుమనున్న అడవిలో, అనగా ఈ నల్లమల పరిధిలోనే, అది తిరిగి కనబడినది. కలపతోపాటు రైలెక్కి గుత్తి చేరియుండునని పరిశోధకుల ఊహ. ఈ ప్రాణి నేడు అంతరించుపోవు దశలో ఉన్నది. పులి గురించి అందరును మాటలాడుదురు. దీని గురించి ఎవరు మాటలాడుదురు?

పక్షుల రాకపోకలు కూడ ఈ ఋతువుననే జరుగును. వానకారు మొదట వచ్చిన చాతకము ఆఫ్రికా వైపు మరలిపోవుచుండును. ఉత్తరదేశముల నుండి కాటుకపిట్టలు వచ్చి వాగు రాళ్లపై తోకలాడించుచుండును. నెమలి పురివిప్పి ఆడునని మాత్రము ఆశింపరాదు. వానకాలము ముగియునప్పటికి దాని పింఛము రాలిపోవును, కొత్తది మొలవవలసియుండును. ఆకాశమున గుంపులుగా తిరుగు పసుపుపచ్చ తూనీగలను మనము పిల్లలాటగా చూచి విడిచిపెట్టుదుము. అవి ఈశాన్యపు గాలిని ఆసరా చేసికొని, మాల్దీవుల మీదుగా హిందూ మహాసముద్రము దాటి తూర్పు ఆఫ్రికాకు చేరునని చార్లెస్ ఆండర్సన్ అను శాస్త్రజ్ఞుడు 2009లో ప్రతిపాదించెను. ఆయన పెద్ద యంత్రములేమియు వాడలేదు. మంచినీటి చెరువులు అంతగా లేని ఆ దీవులకు ప్రతి అక్టోబరులో ఇన్ని తూనీగలు ఎచట నుండి వచ్చుచున్నవని ప్రశ్నించుకొని, ఏండ్ల తరబడి తేదీలు వ్రాసికొనెను. అంతియే! వ్రాసికొను అలవాటు ఎంతటి ఫలమిచ్చునో దీనివలన తెలియును.

ఇంతవరకు వచ్చిన పాఠకులు "మరి పులి?" అని తప్పక అడుగుదురు. లెక్క చూడుడు. 2022 నాటి అంచనాలో దేశమంతటను పులులు సగటున 3,682. అమ్రాబాదున సుమారు 12. రెండువేల ఆరువందల చదరపు కిలోమీటర్ల కొండ అడవిలో పన్నెండు పులులనగా, ఒక్కొక్కదానికి రెండువందల చదరపు కిలోమీటర్లకు పైగా వచ్చును. అట్టిచోట ఒక పూట జీపులో తిరిగి పులి కనబడలేదని నిరాశపడుట న్యాయమా? పులి కనబడకపోవుట వైఫల్యము కాదు. కనబడిన జాడను చదువలేకపోవుటయే వైఫల్యము. పులిని చూడనిదే యాత్ర వ్యర్థమను భావము వేట దినముల నుండి మనకు సంక్రమించిన జబ్బు. తుపాకి పోయి కెమెరా వచ్చినను మనస్సు మారకున్నచో ఫలమేమి?

చూచినదానినే వ్రాయవలెననునది ఈ విద్యలో మొదటి నీతి. దానిని మరచినందువలన ఏమి జరిగినదో రాజస్థానములోని సరిస్కా అభయారణ్యము చెప్పును. అచట కాగితములపై పులుల సంఖ్య ఏటేట కనబడుచునే ఉండెను. 2005 నాటికి చూడగా ఒక్క పులియు మిగిలిలేదు. ఆ దెబ్బతో అడుగుజాడలను మాత్రమే ఆధారముగా చేసికొని లెక్కించు పాత పద్ధతి మారినది. ఇప్పుడు అడవిలో అమర్చిన కెమెరాలు పులి ఫోటో తీయును. మన వ్రేలిముద్రల వలె ఏ పులి చారలు దానివే గనుక ఒకదానిని రెండుసార్లు లెక్కించు భయము లేదు. ఆ కొత్త పద్ధతిలో 2006లో దేశమున తేలినవి 1,411 పులులే. నిజము కఠినముగా ఉన్నను దానిని ఒప్పుకొన్న పిదపనే సంఖ్య పెరుగుట ఆరంభమైనది. లెక్కలు వ్రాయబోవు వాణిజ్యశాస్త్ర విద్యార్థికి, ప్రయోగశాలలో రీడింగులు తీయు విజ్ఞానశాస్త్ర విద్యార్థికి ఇంతకంటె మంచి నీతికథ లేదు.

ఈ విద్యకు గురువులు కూడ అడవిలోనే ఉన్నారు. వారు చెంచులు. క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అను పండితుడు అమ్రాబాదు పీఠభూమి చెంచుల నడుమ నివసించి వ్రాసిన గ్రంథము 1943లో వెలువడినది. గడ్డలు తవ్వి, తేనె తీసి, అడవిని నమ్ముకొని బ్రతికిన ఆ జనుల చూపు ఎంత సూక్ష్మమో ఆ గ్రంథము లోకమునకు తెలిపినది. నేడు అటవీశాఖలో దారిచూపువారుగా, కాపలాదారులుగా అనేక మంది చెంచులు పనిచేయుచున్నారు. మనము పట్టాలు చేతబట్టుకొని వెళ్లినను, తడిమట్టిపై అడుగు ఎన్ని గంటల క్రిందటిదో చెప్పగలవాడు ఆ చెంచు అన్నయే. ఆయనను 'గైడు' అని కేకవేయక, గురువుగా భావించి, 'మీరు' అని పలుకరించుట మన యాత్రకు మొదటి నియమము కావలెను. పులి కొరకు అడవిని కాపాడుదుమని చెప్పి, అడవిని కాపాడిన మనిషిని మాత్రము బయటికి పొమ్మనుట ఎంతవరకు న్యాయమో కూడ అచటనే మన విద్యార్థులు ఆలోచింపవలెను.

ఆక్షేపణలు లేకపోలేదు. మొదటిది ఖర్చు. ఒక బస్సునిండ విద్యార్థులను దూరపు పట్టణములకు తీసికొనిపోయి, దుకాణములు చూపి తెచ్చుటకు అగు ఖర్చుతో పోల్చినచో, ఇరువదిమందితో దేవరకొండ, డిండి మీదుగా మన్ననూరునకు పోయివచ్చుట భారము కాజాలదు. రెండవది భద్రత, ముఖ్యముగా విద్యార్థినుల విషయమున తల్లిదండ్రుల బెంగ. ఇది తోసిపుచ్చదగినది కాదు. అధ్యాపకులతోపాటు అధ్యాపకురాలొకరు తప్పక వెంటనుండవలెను. అటవీశాఖవారి అనుమతితో, వారి వాహనములలో, వారు చూపిన దారిలోనే తిరుగవలెను. ఏర్పాట్లన్నియు ముందుగా తల్లిదండ్రులకు వ్రాతమూలకముగా తెలుపవలెను. ఇంత చేసిన పిమ్మటను ఆడపిల్లలను ఇంట నిలిపి మగపిల్లలను మాత్రమే పంపుట తగదు. మూడవ ఆక్షేపణ, ఇది ఉద్యోగమునకు ఉపకరించునా అని. నిదానముగా చూచుట, చూచినది ఉన్నదున్నట్లు వ్రాయుట, తెలియనిచోట తెలియదనుట – ఈ మూడును అవసరము లేని ఉద్యోగము ఏది?

అసలు భయపడవలసినది అడవి వలన మనకు కలుగు ప్రమాదమునకు కాదు. మన వలన అడవికి కలుగు ప్రమాదమునకు. హైదరాబాదు–శ్రీశైలము రహదారి ఈ అడవి నడుమనుండి పోవుచున్నది. రాత్రి తొమ్మిది నుండి ఉదయము ఆరు వరకు దానిపై రాకపోకలు ఆపివేయుచున్నారన్నచో, పగలు ఎంత వేగము, ఎంత రద్దీయో ఊహింపవచ్చును. బస్సు కిటికీ నుండి అరటిపండ్లు, చిప్సు పొట్లములు విసరి పుణ్యము చేసితిమనుకొనువారు, ఆ తిండి రుచిమరిగిన కోతులు రోడ్డు విడువక చక్రముల క్రింద పడి చచ్చుట చూడరు. పాటల పెట్టె గట్టిగా పెట్టుకొని అడవికి పోవువానికి అడవి తన మాట చెప్పదు. మా ప్రతిపాదనలో పాటలు లేవు, పొట్లములు లేవు, ప్లాస్టిక్ లేదు. అందులకు ఒప్పుకొనినవారే పేర్లు ఇయ్యవలెను.

అడవికి పోవుటకు ముందు ఇంటి వద్ద సాధన కావలెను. సూర్యాపేటలో సద్దుల చెరువు ఉన్నది. కోదాడకు పెద్దచెరువు ఉన్నది. మిర్యాలగూడ చుట్టు కాలువ క్రింద వరిచేలున్నవి. కోతకు వచ్చిన మడిలో నత్తగుల్లకొంగ ముక్కు నడుమ సందుతో నత్తను ఎట్లు పట్టునో చూచుటకు టిక్కెట్టు కొననక్కరలేదు. శరత్తున వన్యప్రాణిని చూచుట మనకు కొత్త ఆచారమును కాదు. దసరానాడు జమ్మిచెట్టు వద్దకు పోయి పాలపిట్టను చూచుట తెలంగాణలో శుభమని పెద్దలనిరి. మన ఉర్దూ మిత్రులు నీల్‌కంఠ్ అనునది ఆ పక్షినే. 2014లో రాష్ట్రపక్షిగా పాలపిట్టను, రాష్ట్రజంతువుగా చుక్కల జింకను, రాష్ట్రపుష్పముగా తంగేడును, రాష్ట్రవృక్షముగా జమ్మిని ఎన్నుకొనిరి. అందులో పాలపిట్ట, తంగేడు, జమ్మి మన శరత్కాలపు పండుగలలోనివే. కాని కొన్నిచోట్ల ఆ పక్షిని ముందే పట్టి, పంజరములో పెట్టి, రెక్కలు కత్తిరించి, డబ్బుకు చూపించుచున్నారు. పొలముగట్టుపై తీగమీద వాలిన పాలపిట్ట నీలపు రెక్కలు విప్పి ఎగిరినప్పుడే పెద్దలు చెప్పిన శుభము. పంజరములో చూచిన పక్షి మన సోమరితనమునకు గుర్తు. చట్టము కూడ దానిని నేరమనుచున్నది. ఈ ఒక్కమాట మన ఊళ్లలో మన విద్యార్థులు చెప్పగలిగినను చాల మేలు జరుగును.

ఇదంతయు కేవలము సౌందర్యారాధనము కాదు. 2019లో నల్లమలలో యురేనియం అన్వేషణకు ప్రయత్నములు సాగగా రాష్ట్రమంతట ఆందోళన చెలరేగినది. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ దానికి వ్యతిరేకముగా ఏకగ్రీవ తీర్మానము చేసినది. మన సాగర్ జలాశయము ఒడ్డునే లంబాపురము, పెద్దగట్టు ప్రాంతములలో అంతకు ముందే అట్టి ప్రతిపాదనలు వచ్చి ప్రజల వ్యతిరేకతను ఎదుర్కొనినవి. రేపు మరల ఇట్టి ప్రశ్న వచ్చినప్పుడు విద్యుత్తు కావలెనా, అడవి కావలెనా, నీరు కావలెనా అని తూచి తీర్పు చెప్పవలసినవారు నేటి విద్యార్థులే. ఏ ప్రక్క తీర్పు చెప్పినను, తూచుచున్న వస్తువును ఒకసారి చూచియుండుట కనీస ధర్మము. చూడనిదాని మీద ప్రేమ పుట్టదు. ప్రేమ లేనిదానిని పోగొట్టుకొన్నను మనకు తెలియదు.

కావున కళాశాల కమిటీ పెద్దలకు మా ప్రతిపాదన ఇది. రాబోవు సంవత్సరము నుండి, అడవి తెరచిన పిమ్మట, అక్టోబరు చివర గాని నవంబరు మొదట గాని రెండు దినముల యాత్ర ఏర్పాటు చేయవలెను. ఇరువదిమందికి మించరాదు, అందులో సగము విద్యార్థినులుండవలెను, ఉర్దూ, తెలుగు మాధ్యమముల వారు సమానముగా ఉండవలెను. ఎంపికకు మార్కులు గాక, అంతకు ముందు మూడు నెలలు తమ ఊరి చెరువు వద్ద చేసిన పరిశీలనల పుస్తకమే ఆధారము కావలెను. పేదరికము వలన ఎవరును ఆగిపోకుండునట్లు ప్రయాణపు ఖర్చు కళాశాల భరింపవలెను. తిరిగి వచ్చినవారు చూచిన ప్రతి ప్రాణి పేరును తెలుగున, ఉర్దూన, చెంచులు పిలుచు మాటలోను, శాస్త్రనామముతోను ఒక పట్టికగా వ్రాసి గ్రంథాలయమునకు ఇయ్యవలెను. ఏటేట ఆ పట్టిక పెరుగుచు, పదియేండ్లకు మన మూడు పట్టణములకు ఒక చిన్న ప్రకృతి నిఘంటువు తయారగును. అట్టి పుస్తకము ఏ పెద్ద విశ్వవిద్యాలయమో వచ్చి మనకు వ్రాసిపెట్టదు.

సోదర విద్యార్థులకు ఒక మాట. కమిటీవారి నిర్ణయము వెలువడు వరకు వేచియుండనక్కరలేదు. ఒక చేతిపుస్తకము, ఒక పెన్సిలు చాలును. రేపు తెల్లవారుజామున చెరువుగట్టున పావుగంట నిలువుడు. చూచినది తేదీతో వ్రాయుడు. తెలియనిదాని ప్రక్క ప్రశ్నార్థకము పెట్టుడు. ఆ ప్రశ్నార్థకములు గల పుస్తకములను పట్టుకొని వచ్చు విద్యార్థులను చూచినప్పుడు, నల్లమలకు బస్సు ఏర్పాటు చేయుటకు మన కమిటీ పెద్దలు వెనుదీయరని మాకు పూర్తి విశ్వాసము కలదు.